వంశధార మొగా? తాటిపూడి గట్టా?

ఏటి పక్కన చిన్న ఇల్లు, పొద్దున్నే తెడ్డు పట్టుకుని నీళ్ళలోకి దిగే వీలు: ఈ కోరికలో తప్పు పట్టడానికేమీ లేదు. విశాఖలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకీ, ఊరు వదిలి చాలాకాలమై మళ్ళీ ఇటువైపు మనసు మళ్ళినవాళ్ళకీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నీళ్ళు ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నాయి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి ఈ తీరంలో భూముల బేరాలు కూడా జోరందుకున్నాయి. స్థలం చూపించేవాళ్ళు ముందు నీటి అందం చూపిస్తారు. ఆ అందం నిజమే, కానీ చోటు ఎంచుకోవడానికి అదొక్కటే చాలదు. ఆ నీటి మీద మనకంటే ముందు ఎవరున్నారు, ఏ నెలలో అది ఎవరికి కావాలి, మనం వెళ్ళడం వల్ల వాళ్ళకేం తగ్గుతుంది అనే ప్రశ్నలకు జవాబు దొరికాకే అందం సంగతి మాట్లాడుకోవాలి.

ఈ కొలతతో రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి శ్రీకాకుళం జిల్లా గార మండలంలో శాలిహుండం నుంచి కళింగపట్నం దాకా వంశధార చివరి పాయ, అంటే ఏరు సముద్రంలో కలిసే మొగ ప్రాంతం. రెండోది విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నదికి అడ్డంగా కట్టిన తాటిపూడి జలాశయం. ఒకటి పారే నీరు, రెండోది నిలిపిన నీరు. కెనూ, అంటే సన్నటి తెడ్డు పడవ, నడిపేవాడికి రెండూ పనికొస్తాయి, ఇల్లు కట్టుకునేవాడికి మాత్రం రెండూ ఒకటి కాదు. నాగావళి కలిసే కళ్ళేపల్లి వైపు, చంపావతి కలిసే కోనాడ వైపు స్థలాలు చూస్తున్నవాళ్ళకు కూడా వంశధార మొగ గురించి చెప్పబోయే మాటల్లో చాలావరకు వర్తిస్తాయి.

నీటి తీరు

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లకు పైగా ప్రవహించి కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాన్ని ఆపి ఎడమ, కుడి కాలువల్లోకి మళ్ళిస్తుంది. అందుకే బ్యారేజీకి దిగువన, శ్రీముఖలింగం రేవుల దగ్గర కూడా, వేసవిలో కనిపించేది ఇసుక మేటలూ వాటి మధ్య సన్నటి పాయలూ. వానాకాలం చివర్లో ఆ పాయల్ని చూసి మనసు పారేసుకుని స్థలం కొన్నవాడు ఏప్రిల్‌లో కెనూని భుజాన వేసుకుని ఇసుకలో నడవాల్సి వస్తుంది. ఏడాది పొడవునా తెడ్డుకు నీరందేది సముద్రపు పోటు తాకే చివరి కొద్ది కిలోమీటర్లలోనే. వంశధార మీద కెనూ అనుకున్నవాళ్ళు మొగ వైపు చూడక తప్పదనేది ఇందుకే.

ఈ నీటికి రోజూ ఒక క్రమం ఉంది. పోటు వేళ సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కుతుంది, పాటు వేళ ఏటి నీటిని కూడా లాక్కుని వెనక్కు వెళుతుంది. అమావాస్యకీ పున్నమికీ ఈ లాగుడు పెరుగుతుంది. పోటుతో పాటు పైకి వెళ్ళి పాటుతో పాటు తిరిగి రావడం తెలిస్తే చేతులకు శ్రమ ఉండదు. తెలియకుండా పాటు వేళ మొగ వైపు పోతే కెనూ ఇసుక తిన్నె దాటి నేరుగా అలల్లోకి కొట్టుకుపోతుంది. పైగా ఈ తీరంలో అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి నెడుతుంటాయి కాబట్టి మొగ ఒకచోట స్థిరంగా ఉండదు. నిరుడు లోతున్న చోట ఈ ఏడు మేట పడవచ్చు. ఆ మార్పు పుస్తకంలో దొరకదు, రోజూ పడవ దింపే జాలరికి మాత్రమే తెలుస్తుంది.

తాటిపూడిది వేరే కథ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ వచ్చే గోస్తనీ నది మైదానంలోకి అడుగుపెట్టే చోట 1960లలో ఈ ఆనకట్ట కట్టారు. సుమారు మూడు టీఎంసీల నీరు పడుతుంది. పడమటి వైపు కొండలు, పోటుపాట్లు లేని నీరు, అలల మోత ఉండదు. తెడ్డు పట్టుకోవడం, మలుపు తిప్పడం, బోల్తాపడ్డ కెనూలోకి తిరిగి ఎక్కడం పిల్లలకు నేర్పాలంటే ఈ రెండు జిల్లాల్లో ఇంతకంటే అనువైన చోటు చెప్పలేను. జాగ్రత్తలు ఇక్కడా అవసరమే. జలాశయంలో గట్టు దాటిన కొద్ది గజాలకే లోతు వచ్చేస్తుంది. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తే నిలకడ నీరు కూడా తెడ్డుకు లొంగదు. ఐనా కొత్తవాళ్ళ విషయంలో తాటిపూడిదే పైచేయి.

అనుభవం ఉన్నవాడి విషయంలో మాత్రం తూకం మారుతుంది. జలాశయంలో ఎంత తిరిగినా అదే నీరు, అదే గట్టు. వంశధార పాయలో పూటపూటకీ నీటి దారి మారుతుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట చేపా, పక్షీ, మొక్కా కూడా మారతాయి. నీటిని చదవడం నేర్పేది ఏరే.

ఇల్లు ఎక్కడ నిలబడుతుంది

శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయని 1919లో మొదట గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. శ్రీముఖలింగం పక్కన, ఇదే వంశధార తీరంలోని పర్వతాలపేటలో పుట్టిన మనిషి ఆయన. ఆ కొండ ఎక్కి కిందకు చూస్తే పాతవాళ్ళు చోటు ఎలా ఎంచుకున్నారో అర్థమవుతుంది. సముద్రం నుంచి ఏటి మీదుగా వచ్చే పడవలు అక్కడి నుంచి కనబడతాయి. రేవుకు దిగిరావడం తేలిక. వరద మాత్రం అంత ఎత్తుకు రాదు. నీటికి దగ్గరగా, నీటికి అందకుండా ఉండాలనే ఈ ఎంపిక శతాబ్దాల తరబడి నిలిచింది. ఇప్పుడు ఒడ్డుకు ఆనుకుని వరండా కట్టాలనుకుంటున్నవాళ్ళు ముందుగా చూడాల్సిన నమూనా ఇదే.

ఊళ్ళో వాన పడకపోయినా వంశధారకు వరద వస్తుంది. పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం ఒడిశాలో ఉంది. గారలో ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన ఇక్కడికి చేరుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఆ గాలి తగ్గీ తగ్గకముందే వంశధార, మహేంద్రతనయ నదులు పొంగాయి. గాలికి నిలిచినవి వరదకు మునిగాయి. అంతేకాదు, ఏరు ఒక ఒడ్డును కోసి ఇంకో ఒడ్డున మేట వేస్తూ పోతుంది. కోత పడే మలుపు మీద ఎంత గట్టి పునాది వేసినా అది కొన్నాళ్ళ ముచ్చటే.

ఒడ్డుకు ఎడంగా ఉండమనే చట్టం కూడా చెబుతోంది. 2019 నాటి తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం పోటునీరు తాకే ఏళ్ళ ఒడ్డున గరిష్ఠ పోటు గీత నుంచి 50 మీటర్లు, లేదా ఏటి వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అంతమేర ఆంక్షలుంటాయి. సముద్రం వైపు పల్లె ప్రాంతాల్లో ఆ దూరం ఇంకా ఎక్కువ. ఏటి పోరంబోకు ఎవరి సొంతమూ కాదు. ఒడ్డున ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూములుంటే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, దాని సవరణలు చూసుకోకుండా బయానా ఇవ్వకూడదు. కేరళలో వేంబనాడు సరస్సు మధ్య దీవి మీద కట్టిన విలాసవంతమైన రిసార్టును ఈ తీర నియమాల ఉల్లంఘన కిందే కూల్చేయమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మరి తాటిపూడిలో? అక్కడ నీటి అంచున ప్రైవేటు ఇంటికి చోటే లేదనుకోవడం మంచిది. జలాశయపు ముంపు నేల ప్రభుత్వానిది, ఆవలి వైపు అడవి. అంచుకు కాస్త ఎడంగా పట్టా భూమి దొరికినా అసలు చిక్కు మరోటుంది. ఇది సాగునీటి జలాశయం. ఆయకట్టుకు నీరు వదిలే కొద్దీ మట్టం దిగుతుంది. నిండుగా ఉన్నప్పుడు గుమ్మం ముందున్న నీరు వేసవికి దూరం జరిగి, మధ్యలో బురద నేల తేలుతుంది. ఆ నీరు మన కెనూ కోసం నిలవాలని కోరుకోవడమంటే దిగువ రైతు మడి ఎండాలని కోరుకోవడమే.

నీటి మీద ముందున్నవాళ్ళు

ఈ రెండు చోట్ల మధ్య అసలు తేడా నీటి హక్కుల్లో ఉంది. తాటిపూడి నీటికి లెక్క ఉంది. గంట్యాడ, శృంగవరపుకోట, జామి మండలాల్లో 15 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు దీని మీద ఆధారపడింది. విశాఖ నగరపు తాగునీటిలో కొంత ఇక్కడి నుంచే వెళుతుంది. ఆవలి వైపు కొండ దిగువనున్న గిరిజన పల్లెలవాళ్ళు ఈ నీరు దాటే రావాలి. మనకు విహారమైన పడవ వాళ్ళకు ఆసుపత్రికీ సంతకూ చేర్చే సాధనం. ఇంతమంది వాడుకునే తాగునీటి ఒడ్డున ఒక్కో ఇంటి మురుగు, ఒక్కో మోటారు నూనె చేరడం మొదలైతే నష్టపోయేది ఇక్కడివాళ్ళతో పాటు కుళాయి తిప్పే విశాఖవాసి కూడా. కాబట్టి తాటిపూడిలో నీటిని పంచుకోవడమంటే పగటిపూట వచ్చి, మోటారు లేని పడవ నడిపి, ఏమీ వదలకుండా తిరిగి వెళ్ళడం. అంతకు మించి అడిగే హక్కు మనకు లేదు.

వంశధార మొగలో నీటికి కాగితం మీద లెక్క లేదు. పై నీటికి ఉంది. ఆంధ్ర, ఒడిశాల మధ్య 1962 నాటి ఒప్పందం నుంచి 2010లో ఏర్పడ్డ ట్రిబ్యునల్, 2017 సెప్టెంబరులో అది ఇచ్చిన తీర్పు దాకా వంశధార వాటాల చరిత్ర పెద్దది. హిరమండలం నుంచి ఉద్దానం కిడ్నీ బాధిత గ్రామాలకు మంచినీళ్ళు తీసుకెళ్ళే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఆ వాడకాలన్నీ అయ్యాక దిగువకు వచ్చే నీటి మీద ఏ ట్రిబ్యునలూ ఎవరికీ వాటా రాయలేదు. అక్కడ ఉన్నది ఊరి కట్టుబాటు: ఏ రేవు ఎవరిది, ఏ పాయలో ఎవరు ముందు వల వేస్తారు, ఏ వేళ పడవలు దిగుతాయి. కాగితం లేని హక్కును కాలరాయడం తేలిక. అందుకే ఇక్కడికి వచ్చే కొత్తవాడి బాధ్యత తాటిపూడిలో కంటే ఎక్కువ.

ఈ తీరపు జాలరుల పరిస్థితి తెలియకుండా ఆ బాధ్యత అర్థం కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. చాలినంత వేట, సరైన జెట్టీలు లేక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏళ్ళ తరబడి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతున్నారు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ ఉదంతమే. సొంత సముద్రంలో బతుకు సాగక రెండువేల కిలోమీటర్లు పోయే మనుషులకు ఊళ్ళో మిగిలిన ఆసరా ఈ ఏటి పాయ. అందులో సరదాకు తెడ్డు వేసేవాడు పక్కకు తప్పుకోవాలి. జాలరిని తప్పుకోమనకూడదు.

ఆచరణలో ఇది కష్టమైన పనేమీ కాదు. తెల్లవారుజామున రేవులో పడవలు దిగే వేళ కెనూ దింపకూడదు. వల బెండ్లు కనిపిస్తే వాటి మీదుగా కాకుండా దూరంగా చుట్టి వెళ్ళాలి. సొంత జెట్టీ కట్టడం మానేసి ఊరి రేవునే వాడుకుని, అందుకు తగిన రుసుము మత్స్యకార సంఘానికి చెల్లించాలి. మొగ దాకా వెళ్ళాలంటే అక్కడి పడవ మనిషిని కూలిచ్చి వెంట తీసుకెళ్ళాలి. వేట నిషేధపు రెండు నెలల్లో ఆ కూలి ఆ ఇంటికి అక్కరకొస్తుంది, అతని కన్ను మన ప్రాణాన్ని కాపాడుతుంది. చలికాలం చివరి నుంచి వేసవి మొదటిదాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఇసుక మీద దీపాలు వెలిగితే పిల్లలు సముద్రం దారి తప్పుతాయి. కాబట్టి ఆ రాత్రుల్లో ఇంటి బయటి దీపాలు ఆర్పేయాలి.

పంచుకోవాల్సిన నీరు ఏట్లో కనిపించేది ఒక్కటే కాదు. మొగ దగ్గర నేలలో మంచినీరు పలచటి పొర, దాని కింద ఉప్పునీరు. విహార గృహం ఒక లోతైన బోరు వేసి తోటకూ ఈత కొలనుకూ తోడేస్తే ఉప్పునీరు పైకెక్కుతుంది. పక్క వీధి నూతిలో ఉప్పు తేలాక ఆ ఇంటావిడ బిందె పట్టుకుని మరో వీధికి నడవాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకు అనుమతి అవసరం. అనుమతి వచ్చినా తోడుకోవడంలో హద్దు మనమే పెట్టుకోవాలి. ఈత కొలను ఆలోచన ఇక్కడ పూర్తిగా మానుకోవలసిందే.

హద్దులు ఎవరు గీయాలి

ప్రపంచంలో కెనూకు పేరున్న చోట్లలో ఒకటి అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు బౌండరీ వాటర్స్. అక్కడ ఒక్కో దారిన రోజుకు ఇన్ని జట్లనే లెక్క ఉంది. ఒక జట్టులో తొమ్మిది మందికీ, నాలుగు పడవలకూ మించకూడదు. దాదాపు అన్ని సరస్సుల్లో మోటార్లు నిషేధం. దాన్ని అనుసరించి తాటిపూడికి నియమాలు రాయడం సులువు, ఎందుకంటే గేటు ఒకటే, యజమాని ఒక్కరే. గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు పడవ ప్రమాదం జరిగాక రాష్ట్రంలో పడవ విహారాలను ఆపి, మళ్ళీ అనుమతులూ లైఫ్ జాకెట్లూ పర్యవేక్షణా అంటూ నియమాలు బిగించారు. చిన్న కెనూలకు కూడా ఆ క్రమశిక్షణ రావాలి.

వంశధార మొగకు మిన్నెసోటా పద్ధతి సరిపడదు. అది మనుషులు కాపురముండని అడవి, ఇది పల్లెల నడుమ పారే నీరు. ఇక్కడ హద్దు గీయాల్సింది పంచాయతీ, మత్స్యకార సంఘం. ప్రభుత్వం వాళ్ళ మాటను కాగితం మీద పెట్టాలి. నదీ తీరం ఎవరి సొత్తూ కాదనే సూత్రం మనకు కొత్త కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ తన కట్టడాన్ని కాపాడుకోవడానికి ఏటి దారినే మళ్ళించబోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ లీజు రద్దు చేస్తూ, నదుల్లాంటి సహజ వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని, వాటిని ప్రైవేటు లాభానికి ధారపోసే హక్కు దానికి లేదని తేల్చింది. కళింగపట్నం దగ్గర కంచె వేసి రేవు దారి మూసేవాడు ఆ తీర్పుకు ఎదురు నిలబడుతున్నట్టే.

ఏది మేలు

రెండింటినీ తూచితే నా తీర్పు ఇది. కెనూ నేర్చుకోవడానికి తాటిపూడి మేలు. పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళాలి, రెండు జిల్లాల బడిపిల్లలకూ అక్కడ ప్రభుత్వమే శిక్షణ ఇప్పించాలి. ఇల్లు మాత్రం ఆ గట్టున వద్దు. అది తాగునీరు, సాగునీరు, గిరిజన పల్లెల దారి. అక్కడ మన కాపురానికి న్యాయమైన చోటు లేదు.

ఇల్లు కావాలంటే వంశధార వైపు, అదీ కళింగపట్నం ఇసుక మీద కాకుండా శాలిహుండం వైపు మెరకలో, ఊరికి ఆనుకుని, ఒడ్డుకు ఎడంగా. గుమ్మం నుంచి ఏరు కనబడకపోయినా నష్టం లేదు. పావుగంట నడిచి ఊరి రేవుకు చేరడం మంచిదే, ఆ దారిలోనే పదిమందితో మాట కలుస్తుంది, ఆ రోజు నీటి కబురు తెలుస్తుంది. ప్రమాదం ఎక్కువ, బాధ్యత ఎక్కువ అని తెలిసీ ఈ చోటునే ఎందుకు మెచ్చుతున్నానంటే, ఇక్కడ కొత్తవాడు జాలరికి కూలి ఇచ్చేవాడు, పొరుగు, తోడు కాగలడు. తాటిపూడి గట్టున అతను ఎంత మంచివాడైనా తాగునీటికి భారమే అవుతాడు.

స్థలం చూడబోయేవాళ్ళకు చివరగా ఒక మనవి. వరదల కాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి ఆ చోటికి వెళ్ళి చూడండి. 2018లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఊళ్ళో పెద్దల్ని అడిగి ఆ గీతకు పైన ఉన్న నేలే బేరమాడండి. అడ్వాన్సు చేతులు మారకముందే పంచాయతీ దగ్గరకూ, మత్స్యకార సంఘం దగ్గరకూ వెళ్ళి మీరేం చేయబోతున్నారో చెప్పండి. వాళ్ళు వద్దన్న చోట కొనకండి.